వైజాగ్‌లో పెళ్లి ఫోటోగ్రఫీ: ఇన్‌స్టాలో లైకులు వస్తున్నాయి, ఫోన్ మాత్రం మోగడం లేదు

గోపాలపట్నం కెమెరా

అందరికీ నమస్కారం. మాది గోపాలపట్నంలో నాన్నగారు పెట్టిన స్టూడియో. పాస్‌పోర్ట్ ఫోటోలు, ఫ్రేములు, చుట్టుపక్కల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు. ఇన్నాళ్లూ అలాగే నడిచింది. పాత కస్టమర్లు పిల్లల పెళ్లిళ్లకి కూడా మమ్మల్నే పిలిచేవాళ్లు. ఇప్పుడు ఆ పిల్లలు బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉద్యోగాలు చేస్తూ, అక్కడి నుంచే ఇన్‌స్టాలో ఎవరినో చూసి మాట్లాడేసుకుంటున్నారు. పెళ్లి మా వీధి చివర మండపంలో, ఫోటోగ్రాఫర్ హైదరాబాద్ నుంచి!

పేజీ నేనే చూసుకుంటాను. ఆర్కే బీచ్, తెన్నేటి పార్కు ప్రీ వెడ్డింగ్ రీల్స్ బాగానే తిరుగుతున్నాయి. కింద కామెంట్లు 'సూపర్ బ్రో', 'ఏ లెన్స్ బ్రో', 'ప్రీసెట్ ఇవ్వండి బ్రో'. పెళ్లి పెట్టుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ అడగడం లేదు. నాన్నగారేమో ఆ ఫోన్ పక్కన పడేసి కల్యాణ మండపాల మేనేజర్లను కలిసి రమ్మంటున్నారు. మాఘమాసం డేట్లు ఇంకా ఖాళీగానే ఉన్నాయి, టెన్షన్‌గా ఉంది. యాడ్స్ పెట్టాలా? ముందు ఫాలోవర్లను పెంచుకోవాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత డార్క్‌రూమ్

మేనేజర్లను కూడా కలిసి రా తమ్ముడూ. అది కూడా మార్కెటింగే. నాన్నగారికి ఆ పేరు తెలియదంతే.

భీమిలి 85ఎంఎం

మీరు ప్రైవేట్‌గా పంపిన లింకులో పేజీ చూశాను. పని బాగుంది, ముఖ్యంగా తలంబ్రాల ఫోటోలు. చిక్కు ఎక్కడంటే మీ పేజీని చూసేది ఫోటోగ్రాఫర్లు. లెన్సు గురించి రీల్, ఎడిటింగ్‌కి ముందు తర్వాత రీల్, గింబల్ (కెమెరా ఊగకుండా పట్టుకునే పరికరం) తిప్పడం మీద రీల్. ఇవి చూసి మెచ్చుకునేది మనవాళ్లే. పెళ్లికూతురి అమ్మగారికి మీ లెన్సు ఎన్ని ఎంఎం అయితే ఏమిటి?

రెండోది, పేజీ తెరిస్తే మీరు ఏ ఊరో తెలియడం లేదు. 'కథలు చెప్పే కెమెరా' అని రాసుకున్నారు. ఇన్‌స్టాలో యూజర్‌నేమ్ కాకుండా 'నేమ్' అని ఇంకో గడి ఉంటుంది. సెర్చ్‌లో దాన్ని కూడా చూస్తుంది. అక్కడ స్టూడియో పేరు పక్కన 'వైజాగ్ వెడ్డింగ్ ఫోటోగ్రాఫర్' అని ఉండాలి. వైజాగ్ అని వెతికేవాళ్లూ ఉంటారు, విశాఖపట్నం అని వెతికేవాళ్లూ ఉంటారు. ఒకటి నేమ్‌లో, ఇంకొకటి బయోలో పెట్టండి. ఆ నేమ్‌ను 14 రోజుల్లో రెండుసార్లకు మించి మార్చనివ్వరు, కాబట్టి ఆలోచించి ఒకేసారి మార్చండి.

పైన మూడు పోస్టులు పిన్ చేసుకోవచ్చు. మీరు పిన్ చేసినవి మూడూ బీచ్‌లో సూర్యోదయాలే. వాటి బదులు ఒకటి పూర్తి పెళ్లి, మంగళస్నానం నుంచి అప్పగింతల దాకా. ఒకటి ఆల్బమ్ పేజీలు తిప్పుతున్న వీడియో. ఒకటి మీరు, నాన్నగారు, మీ టీమ్ కనిపించేది. ఇంటికి వచ్చి ఆడవాళ్ల మధ్య తిరిగే మనుషులు ఎలాంటివాళ్లో పెళ్లివాళ్లు చూసుకోవాలి కదా.

పెళ్లికూతురి అక్క

నేను ఫోటోగ్రాఫర్‌ని కాదండీ. సీతమ్మధారలో ఉంటాం. ఈ మధ్యే మా చెల్లి పెళ్లికి ఫోటోగ్రాఫర్‌ని వెతికే పని నా మీద పడింది. కస్టమర్ వైపు నుంచి చెబుతాను, ఏమీ అనుకోకండి.

ఇన్‌స్టాలో పేజీలు చూసింది చెల్లి. నచ్చినవి నాకు పంపింది. నేను గూగుల్‌లో ఆ పేర్లు కొట్టి రివ్యూలు చదివాను. మంచి రివ్యూల కంటే ఒక స్టార్, రెండు స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారు, దానికి స్టూడియోవాళ్లు ఎలా జవాబిచ్చారు అన్నది చూశాను. ఒకాయన కస్టమర్‌తో అక్కడే గొడవకు దిగాడు. ఆ పేరు అక్కడికక్కడే కొట్టేశాం. మిగిలినవాటిని అమ్మ వాట్సాప్‌లో పిన్నులకి, అత్తయ్యలకి పంపింది. 'వీళ్లు మా ఆడపడుచు కూతురి పెళ్లికి తీశారు, టైముకి ఆల్బమ్ ఇచ్చారు' అని ఒక పిన్ని అంది. అంతే, వాళ్లకే ఇచ్చాం.

ఇంకోటి. రేటు అడిగితే 'డీఎం (ఇన్‌స్టాలో ప్రైవేట్ మెసేజ్) చేయండి మేడమ్' అంటారు. డీఎం చేస్తే 'నంబర్ పంపండి మేడమ్', నంబర్ పంపితే 'ఆఫీసుకి రండి మేడమ్'. మాకు పెళ్లి పనులు బోలెడు ఉంటాయి.

అడ్స్ లెక్కల మాస్టారు

అక్క గారి పోస్టును ప్రింట్ తీసి స్టూడియో గోడకి అతికించుకోండి. చెల్లి చూసింది ఇన్‌స్టాలో, అక్క చూసింది గూగుల్‌లో, అమ్మ తేల్చింది వాట్సాప్‌లో. మనలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే కూర్చుని లైకులు లెక్కపెడుతున్నారు.

యాడ్స్ గురించి నాలుగు మాటలు. నేను ఫోటోగ్రాఫర్‌ని కాదు, డాబా గార్డెన్స్‌లో చిన్న వ్యాపారాలకి యాడ్స్ నడుపుతాను.

డబ్బు కట్టి పోస్టును ఎక్కువమందికి చూపించే నీలం రంగు 'బూస్ట్' బటన్ ఊరికే నొక్కకండి. అందులో చాలామంది లక్ష్యం 'ప్రొఫైల్ విజిట్స్' అని వదిలేస్తారు. ఇన్‌స్టా యజమాని మెటా కూడా మీరు అడిగినట్టే ప్రొఫైల్ నొక్కేవాళ్లనే వెతికి తెస్తుంది. వాళ్లు నొక్కుతారు, చూస్తారు, పోతారు. మనకి కావాల్సింది మాట్లాడేవాళ్లు. యాడ్స్ మేనేజర్‌లోకి వెళ్లి, నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే యాడ్ పెట్టండి. బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. బడ్జెట్ వేసుకునేటప్పుడే దాన్ని కలుపుకోండి.

టార్గెటింగ్‌లో అందరూ 'ఎంగేజ్డ్' అని ఉన్నవాళ్లను ఎంచుకోమంటారు. నిశ్చితార్థం అవ్వగానే ఫేస్‌బుక్‌లో స్టేటస్ మార్చుకునే అలవాటు మన ఇళ్లలో ఎంతమందికి ఉంది చెప్పండి? దాన్ని నమ్ముకోకండి. ఊరు, వయసు ఇచ్చి మిగతా పని ఫోటోకి వదిలేయండి. మీ సమస్యకి మందు కూడా ఇక్కడే ఉంది. పిల్లలు హైదరాబాద్, బెంగళూరులో ఉన్నారన్నారు కదా. యాడ్ వైజాగ్‌లో ఎందుకు, అక్కడే నడపండి. మొదటి లైన్ 'పెళ్లి వైజాగ్‌లోనా? ఇక్కడి ఫోటోగ్రాఫర్‌కి ప్రయాణ ఖర్చులు, హోటల్ రూములు ఇవ్వక్కర్లేదు' అని. వైజాగ్‌తో సంబంధం లేనివాడు దాటేసి వెళ్లిపోతాడు, ఉన్నవాడు ఆగుతాడు. ఇక్కడ నడిపే యాడ్ వేరేగా అనకాపల్లి, విజయనగరం, శ్రీకాకుళం వైపు పెట్టండి. ఆ యాడ్ తెలుగులో రాయండి.

గోపాలపట్నం కెమెరా

మాస్టారూ, బెంగళూరులో యాడ్ నడపాలన్న ఆలోచనే రాలేదు నాకు. రోజుకి ఎంత పెట్టాలంటారు?

అడ్స్ లెక్కల మాస్టారు

రెండు మూడు వందలతో మొదలుపెట్టి ఒక వారం ముట్టుకోకుండా వదిలేయండి. రోజూ కెలికితే యాడ్ ఎవరికి చూపించాలో మెటా సిస్టమ్ నేర్చుకోదు. ఒక యాడ్‌లో రెండు రకాల ఫోటోలు పెట్టి చూడండి. నా అనుభవంలో బీచ్‌లో గౌను వేసుకుని పరిగెత్తే ఫోటో కంటే, జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో ఇంటిల్లిపాదీ కనిపించే ఫోటోకే ఎక్కువ మెసేజ్‌లు వస్తాయి. అయితే వచ్చిన మెసేజ్‌కి సాయంత్రం జవాబిస్తే డబ్బు సముద్రంలో పోసినట్టే. ఈలోపు వాళ్లు ఇంకో నలుగురిని అడిగేస్తారు.

పాత డార్క్‌రూమ్

యాడ్ ఎప్పుడు పెట్టాలో పంచాంగం చెబుతుంది మాస్టారూ, మెటా కాదు. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవని మనవాళ్లు పేజీకి తాళం వేసేస్తారు. శ్రావణం పెళ్లిళ్లకి జనం ఫోటోగ్రాఫర్‌ని వెతికేది అప్పుడే. మూఢం ఉన్నప్పుడూ అంతే. ముహూర్తాలు లేవు గానీ సంబంధాలు చూడటం, మండపాల రేట్లు కనుక్కోవడం ఆగదు. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఏ నెలలో మంచి ముహూర్తాలు గుత్తులుగా ఉన్నాయో రాసిపెట్టుకో. దానికి రెండు మూడు నెలల ముందు నీ గొంతు వినపడాలి. పెళ్లిళ్లు జరిగే నెలలో ఎలాగూ పోస్టు పెట్టే ఓపిక ఉండదు. తిండికే టైముండదు.

మధురవాడ మేకప్

మేకప్ ఆర్టిస్టుగా ఒక మాట చెప్పనా అన్నా. ఫోటోగ్రాఫర్లకి వచ్చే ఎంక్వైరీల్లో కొన్ని మా దగ్గర నుంచే వస్తాయి. పెళ్లికూతుర్లు మమ్మల్ని 'మంచి క్యాండిడ్ ఎవరు తీస్తారు అక్కా' అని అడుగుతారు. మేం ఎవరి పేరు చెబుతాం? పెళ్లి రాత్రే మాకు రెండు ఫోటోలు, ఒక నిలువు వీడియో ముక్క పంపినవాళ్ల పేరు. అడిగి అడిగి మూడు నెలలకి, అదీ పెద్ద వాటర్‌మార్క్ మొహం మీద వేసి పంపేవాళ్ల పేరు చెప్పం.

పోస్టు పెట్టేటప్పుడు డెకరేషన్‌వాళ్లు, మేకప్, చీర డ్రేపింగ్ చేసినవాళ్లు, బ్లౌజ్ కుట్టినవాళ్లు అందరినీ ట్యాగ్ చేయండి. వీలైతే కొలాబ్ పోస్టుగా పంపండి. ఒప్పుకుంటే అదే పోస్టు మా పేజీలో కూడా కనిపిస్తుంది.

ఇంకో విషయం, దయచేసి పెళ్లికూతురిని తెల్లగా చేయకండి. నేను గంటన్నర కూర్చుని ఆమె రంగుకి సరిపోయే షేడ్ కలిపితే, ఎడిటింగ్‌లో మొహం సున్నం కొట్టినట్టు, మెడ వేరే రంగు. ఇప్పటి అమ్మాయిలు అలాంటి పేజీ చూడగానే వెళ్లిపోతున్నారు.

పెళ్లికూతురి అక్క

వందకి వంద నిజం. మా చెల్లి ఒక పేజీని అందుకే వద్దంది. 'ఇందులో అందరూ ఒకే మొహంలా ఉన్నారే' అంది.

పెందుర్తి డ్రోన్

డ్రోన్ షాట్లు పెట్టొచ్చా అని ఎవరూ అడగలేదు గానీ నేనే చెబుతున్నా, ఎందుకంటే మన ఊళ్లో ఇది మామూలు విషయం కాదు. తూర్పు నౌకాదళం కేంద్రం ఇక్కడ. నేవీ స్థావరాల చుట్టూ 3 కిలోమీటర్ల మేర అనుమతి లేకుండా డ్రోన్ ఎగరకూడదు. నేవీ విమాన స్థావరం ఐఎన్‌ఎస్ డేగా కూడా ఇక్కడే ఉంది. గోపాలపట్నం నుంచి అదెంత దూరమో మీకే తెలుసు. 2021 డ్రోన్ రూల్స్ వచ్చాక ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎరుపు (అనుమతి లేకుండా ఎగరకూడనివి), పసుపు, ఆకుపచ్చ జోన్లు చూసుకునే వీలుంది. షూట్‌కి ముందు చూసుకోండి. 250 గ్రాములు దాటిన డ్రోన్‌తో పెళ్లి తీసి డబ్బులు తీసుకుంటే పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. బుల్లి డ్రోనే కదా అని ఎరుపు జోన్‌లో లేపితే మాత్రం ఊరుకోరు.

కొందరు కుర్రాళ్లు నేవీ స్థావరం పక్కనున్న డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు ఎగరేసి, లొకేషన్ ట్యాగ్ పెట్టి మరీ రీల్ వేస్తున్నారు. ఏటి గురూ అది, మన మీద మనమే సాక్ష్యం పెట్టుకోవడం?

భీమిలి 85ఎంఎం

లొకేషన్ల మాట వచ్చింది కాబట్టి. ఎర్రమట్టి దిబ్బల మీదకి ఎక్కించి తీసే ప్రీ వెడ్డింగ్‌లు ఇక ఆపేద్దాం అంటాను నేను. జియోలాజికల్ సర్వే జాతీయ వారసత్వ స్థలంగా గుర్తించిన చోటు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. అడుగు పడిన చోటల్లా మట్టి జారుతుంది. తొట్లకొండ, బావికొండ బౌద్ధ స్థలాల్లో అయితే ముందు అడిగి అనుమతి తీసుకోండి. మీ రీల్ చూసి పది జంటలు అక్కడికే వస్తాయి, ఆ లెక్క కూడా మనదే.

బీచ్ షూట్ రీల్ పెట్టేటప్పుడు క్యాప్షన్‌లో పనికొచ్చే ముక్క రాయండి. మన సముద్రం తూర్పున. నీళ్ల మీద సూర్యుడు కావాలంటే పొద్దున్నే రావాలి. జూన్‌లో అయిదున్నరకి ముందే ఉదయిస్తాడు, జనవరిలో ఆరున్నర. సాయంత్రం ఊరి వెనక కొండల వైపు దిగిపోతాడు, బీచ్‌లో మెత్తటి వెలుగు మాత్రం ఉంటుంది. బెంగళూరు నుంచి వచ్చే జంటలకి ఇది తెలియదు, 'సముద్రంలో సన్‌సెట్ కావాలి' అని అడుగుతారు. ఈ సంగతి చెప్పే రీల్‌ని వాళ్లు సేవ్ చేసుకుంటారు, కాబోయేవాళ్లకి పంపుకుంటారు. లైకుల కంటే అలా ఒకరికొకరు పంపుకోవడమే కొత్తవాళ్ల దగ్గరికి తీసుకెళ్తుంది. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 మొదట్లో చెప్పింది కూడా అదే.

గోపాలపట్నం కెమెరా

ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. మరి పాటల సంగతేంటి? సినిమా పాట లేకపోతే రీల్ ఎవరు చూస్తారు? బిజినెస్ అకౌంట్‌కి మార్చాక చాలా పాటలు కనిపించడం మానేశాయి.

అడ్స్ లెక్కల మాస్టారు

బిజినెస్ అకౌంట్‌కి అంతే. వ్యాపారానికి వాడుకోవడానికి హక్కులున్న సంగీతమే చూపిస్తుంది. క్రియేటర్ అకౌంట్‌కి మారితే పాటలు ఎక్కువ కనిపిస్తాయని చాలామంది మారుతున్నారు. కానీ సినిమా పాట ఉన్న రీల్‌ని డబ్బు కట్టి బూస్ట్ చేయడం కుదరదు. బయట ఎడిటింగ్‌లో పాట అతికించి ఎక్కిస్తే ఒక్కోసారి శబ్దం మూగబోతుంది.

అయినా పాటెందుకు? పెళ్లిలో సన్నాయి ఉంది, డోలు ఉంది, గట్టిమేళం ఉంది. తాళి కట్టే టైముకి పంతులుగారు 'మేళం మేళం' అని అరుస్తారు చూడండి, ఆ అసలు ఆడియో ఉంచండి. చిన్న మైకు ఒకటి కొని పెట్టుకోండి.

పాత డార్క్‌రూమ్

పంతులుగారి అరుపుకి కాపీరైట్ లేదు. ఇప్పటికైతే.

కోర్టు రోడ్డు

కాపీరైట్ అన్నారు కాబట్టి నేనూ వస్తున్నాను. మీరు పేజీలో పెడుతున్న పెళ్లి ఫోటోల హక్కు ఎవరిదో ఎప్పుడైనా చూసుకున్నారా? ఫోటో తీసింది నేను కాబట్టి నాదే అనుకుంటారు అందరూ. మన 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా డబ్బులిచ్చి తమ కోసం తీయించుకున్న ఫోటోకి, వేరేలా ఒప్పందం రాసుకోకపోతే, మొదటి హక్కుదారు ఆ తీయించుకున్నవాళ్లే. అంటే అడ్వాన్స్ తీసుకున్నప్పుడు కాగితం లేకపోతే, ఆ ఫోటో మీ పేజీలో పెట్టడానికి మీరే వాళ్ల అనుమతి అడగాలి.

బుకింగ్ ఫారంలో రెండు లైన్లు చేర్చుకోండి. ఫోటోలు, వీడియోలు మా సోషల్ మీడియాలో, యాడ్స్‌లో వాడుకోవచ్చా: అవును, కాదు, చూపించి అడిగాక మాత్రమే. మూడు గడులు. సంతకం. పోస్టు, యాడ్ వేర్వేరుగా రాయండి. పేజీలో పెట్టడానికి ఒప్పుకున్న అమ్మాయి, తన మొహం బెంగళూరంతా యాడ్‌లో తిరగడానికి ఒప్పుకోకపోవచ్చు.

భీమిలి 85ఎంఎం

అందరూ 'కాదు' దగ్గర టిక్ పెడితే పేజీలో ఏం పెట్టాలి సార్? ఈ ఫారం పేరుతో కస్టమర్‌కి లేనిపోని అనుమానం పుట్టిస్తున్నామేమో. నేను నోటితో అడుగుతాను, ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు.

కోర్టు రోడ్డు

నోటితో అడిగింది పెళ్లికొడుకుని. రేపు అభ్యంతరం చెప్పేది అత్తగారు. కాగితం ఉంటే మాట అక్కడే ఆగుతుంది.

పెళ్లికూతురి అక్క

నాకైతే ఆ మూడు గడులు చూస్తే నమ్మకం పెరుగుతుంది. మా బంధువుల్లో ఒకమ్మాయి మంగళస్నానం వీడియో ఇంట్లోవాళ్ల కంటే ముందు రీల్‌గా వచ్చేసింది. తీసినవాళ్ల పేరెందుకులెండి. పసుపు నీళ్లతో తడిసిన బట్టల్లో ఉంది పాపం. తీసేయమంటే 'వ్యూస్ వస్తున్నాయి మేడమ్' అన్నారట. తర్వాత ఆ ఇంట్లో జరిగిన ఏ ఫంక్షన్‌కీ వాళ్లని పిలవలేదు.

ఎంవీపీ పాపాయిల ఫోటోలు

నేను బారసాలలు, అన్నప్రాశనలు, నెలల పిల్లల షూట్‌లు చేస్తాను. నా దగ్గర రూల్ ఒకటే. స్నానం ఫోటోలు, బట్టల్లేని ఫోటోలు ఎవరు ఒప్పుకున్నా పేజీలో పెట్టను. పాప పూర్తి పేరు, పుట్టిన తేదీ బోర్డు మీద ఉన్న ఫోటో కూడా పెట్టను. పిల్లల మొహాలు వద్దనేవాళ్లకి కాళ్లు, చేతులు, అమ్మమ్మ ఒళ్లో వెనక నుంచి తీసినవి పెడతాను. వాటికీ ఎంక్వైరీలు వస్తాయి.

పెళ్లివాళ్లు మర్చిపోయేది ఒకటుంది. పెళ్లి ఫోటోలు నచ్చిన ఇంట్లోనే కొన్నాళ్లకి శ్రీమంతం, తర్వాత బారసాల. వాళ్ల నంబర్ మీ ఫోన్‌లో, మీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటే చాలు, యాడ్ ఖర్చు లేదు. వాట్సాప్ బిజినెస్‌లో లేబుళ్లు పెట్టుకుని 'పెళ్లి అయింది', 'ఆల్బమ్ ఇచ్చాం' అని విడదీసుకోండి. బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిదాకా పెట్టొచ్చు. మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ మెసేజ్ వెళ్తుంది. అందుకే ఆల్బమ్ ఇచ్చే రోజే వాళ్ల ముందే సేవ్ చేయించండి. నేను వారానికో స్టేటస్ పెడతాను, అంతే. రోజూ గుడ్ మార్నింగ్‌లు పంపితే మ్యూట్ చేసేస్తారు.

ఫోటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, నాణ్యత పోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి. వాళ్లు స్టేటస్‌గా పెట్టుకునేది ఆ ఫోటోనే, దాని కింద ఉండేది మీ పేరే.

గోపాలపట్నం కెమెరా

గూగుల్ రివ్యూలు ఎలా అడగాలి? అడగడానికి మొహమాటంగా ఉంటుంది. మా స్టూడియో గూగుల్ మ్యాప్‌లో ఉంది గానీ ఎవరు పెట్టారో తెలియదు. ఫోటో కూడా పక్కన ఉన్న టిఫిన్ సెంటర్‌ది వస్తోంది.

అడ్స్ లెక్కల మాస్టారు

హహ. ఆ ఇడ్లీ చూసి వచ్చేవాళ్లు కూడా ఉంటారు.

దాన్ని 'క్లెయిమ్' చేసుకోండి, అంటే అది మీదేనని గూగుల్‌కి చూపించండి, ఖర్చేమీ లేదు. ఈ మధ్య చాలామందిని వీడియో తీసి చూపించమంటున్నారు: బయట బోర్డు, వీధి, లోపల మీరు పని చేసే చోటు. ఇవన్నీ ఒకే వీడియోలో, ఆపకుండా తీయాలి. మీకు స్టూడియో ఉంది కాబట్టి సులువు. ఇంటి నుంచి పని చేసేవాళ్లు అడ్రస్ దాచిపెట్టి, ఏ ప్రాంతాలకి వస్తారో మాత్రం చూపించవచ్చు.

రివ్యూకి లింకు, క్యూఆర్ కోడ్ గూగులే ఇస్తుంది. ఆల్బమ్ అట్టపెట్టె లోపల ఆ కోడ్ ఉన్న కార్డు ఒకటి పెట్టండి. ఆల్బమ్ చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోతున్న గంటలో అడిగితే మొహమాటం ఉండదు. 'రివ్యూ రాస్తే వెయ్యి తగ్గిస్తాం' అనకండి, గూగుల్ రూల్స్‌కి విరుద్ధం, రివ్యూలు తీసేస్తుంది. ఏ మండపం, ఏ ఫంక్షన్ అని వాళ్ల మాటల్లో రాయమనండి. తర్వాత వచ్చేవాళ్లు వెతికేది ఆ మండపం పేరే.

భీమిలి 85ఎంఎం

రేటు గురించి అక్క గారు అన్నదానికి నా జవాబు. మొత్తం రేట్ల పట్టిక పేజీలో పెట్టను. ఒక్కో పెళ్లి ఒక్కోలా ఉంటుంది. ఒక పూటా, రెండు రోజులా, ఎంతమంది కెమెరామెన్లు, ఎల్ఈడీ స్క్రీనా, లైవ్ ఉందా. కానీ 'ఇంత నుంచి మొదలు' అన్నది, అందులో ఏమేం వస్తాయో హైలైట్స్‌లో పెట్టాను. అప్పటి నుంచి ఊరికే బేరం కోసం అడిగేవాళ్లు తగ్గారు, నిజంగా కావాల్సినవాళ్లు నేరుగా డేట్ అడుగుతున్నారు.

పాత డార్క్‌రూమ్

నేను దీనికి ఒప్పుకోను. మొదలు రేటు పెడితే పక్కవీధివాడు దానికి అయిదు వేలు తగ్గించి పెడతాడు. తర్వాత ఇంకొకడు. చివరికి ఆల్బమ్ కాగితం పల్చబడుతుంది.

పెళ్లికూతురి అక్క

బాబాయ్ గారూ, రేటు దాచినా ఆ తగ్గించేవాడు తగ్గిస్తూనే ఉంటాడు. మేం అడిగేది రేటు ఒక్కటే కాదు. ఆల్బమ్ ఎన్ని షీట్లు, ఎప్పటికి ఇస్తారు, మేం ఫోటోలు ఎంచి ఇచ్చాక ఎన్నాళ్లు. ఈ మాట ఏ పేజీలోనూ రాయరు. రాసినవాళ్లు ఉంటే సగం మంది వాళ్ల దగ్గరికే వెళ్తారు.

పాత డార్క్‌రూమ్

అది మాత్రం ఒప్పుకుంటున్నానమ్మా. మా ఫీల్డ్‌కి ఉన్న చెడ్డపేరు అదే.

పెందుర్తి డ్రోన్

లైవ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి. అమెరికాలో ఉన్న బంధువుల కోసం యూట్యూబ్ లైవ్ అడుగుతున్నారు ఇప్పుడు. కొత్త ఛానెల్‌లో మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే 24 గంటల దాకా పట్టొచ్చు. పెళ్లి రోజు పొద్దున్న మొదలుపెడితే అయ్యే పని కాదు. ఫోన్ నుంచి లైవ్ ఇవ్వాలంటే 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. లింకు 'అన్‌లిస్టెడ్'గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టండి, లేకపోతే దారిన పోయేవాళ్లంతా చూస్తారు. సంగీత్ లైవ్‌లో డీజే పాటలు మోగితే కాపీరైట్ వల్ల మధ్యలో ఆగిపోవచ్చు, కస్టమర్‌కి ముందే చెప్పి ఉంచండి. లైవ్ లింకు కింద స్టూడియో పేరు, నంబర్ పెట్టడం మర్చిపోవద్దు. పెళ్లికి రాలేని చుట్టాలంతా ఆ పేజీ ముందు గంటల తరబడి కూర్చుంటారు.

మధురవాడ మేకప్

ఇంకో జాగ్రత్త అన్నా. 'మీ పోస్టు కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో అకౌంట్ తీసేస్తాం, ఈ లింక్ నొక్కండి' అని డీఎం వస్తే నొక్కొద్దు. నాకు తెలిసినామె పేజీ మొత్తం అలాగే పోయింది. రెండంచెల లాగిన్ ఆన్ చేసి పెట్టుకోండి.

పాత డార్క్‌రూమ్

పేజీ ఎవడో కొట్టేయక్కర్లేదు కూడా. 2020 జూన్ 29 రాత్రి టిక్‌టాక్‌ని నిషేధిస్తే, అక్కడ లక్షల మంది ఉన్నవాళ్లు తెల్లారేసరికి మామూలు మనుషులైపోయారు. వెంటనే జూలైలో రీల్స్ వచ్చింది కాబట్టి బతికిపోయారు. అందుకే పాపాయిల మేడమ్ చెప్పిన ఫోన్ నంబర్ల లిస్టు పక్కాగా ఉండాలి. అది ఎవరూ తీసేయలేరు.

తమ్ముడూ, ఇప్పుడు నీకు ఒక్కటి చెబుతాను. హైదరాబాద్ నుంచి వచ్చేవాడికి ఉన్న కెమెరా నీకూ ఉంది. వాడికి లేనిది నాన్నగారి దగ్గర ఉంది. నెగెటివ్‌లు. 2014 అక్టోబర్ హుద్‌హుద్‌లో తడిసినవి పోగా ఎన్ని మిగిలాయో అడుగు. పాత రిజిస్టర్‌లో పేర్లుంటాయి. ఇరవై, ముప్పై ఏళ్ల కిందట మీ స్టూడియో తీసిన పెళ్లి జంటకి ఫోన్ చేసి, 'మీ పెళ్లి ఫోటో మా దగ్గర ఉంది, స్కాన్ చేసి ఇస్తాం, పేజీలో పెట్టుకోవచ్చా' అని అడుగు. వాళ్లకి పెళ్లీడు పిల్లలుంటారు. అమ్మానాన్నల ఫోటో ఆ పిల్లలు షేర్ చేయకుండా ఉంటారా? పక్కన ఇప్పుడు నువ్వు తీసిన పెళ్లి పెట్టు. ఏ యాడ్ అయినా ఆ పోస్టు తర్వాతే.

అడ్స్ లెక్కల మాస్టారు

డార్క్‌రూమ్ గారూ, నా పొట్ట కొడుతున్నారు. కానీ నిజమే. అలాంటి పోస్టు ఒకటి బాగా తిరిగాక దాన్నే యాడ్‌గా నడపండి. కోర్టు రోడ్డు సార్ చెప్పినట్టు, యాడ్‌కి విడిగా అడిగాకే.

గోపాలపట్నం కెమెరా

నాన్నగారికి చదివి వినిపించాను. అటక మీద నుంచి అట్టపెట్టెలు దించారు. మూడొంతులు బాగానే ఉన్నాయి, కొన్ని కవర్లకి అతుక్కుపోయాయి. స్కానర్ లేదు. ఫోన్‌తో తీస్తే పనవుతుందా?

బయో ఇలా మార్చాను, చూడండి: 'తరతరాల స్టూడియో, గోపాలపట్నం, విశాఖపట్నం. పెళ్లి, ఓణీలు, బారసాల. ఆల్బమ్ రెండు నెలల్లో.' కింద వాట్సాప్ లింకు.

భీమిలి 85ఎంఎం

'తరతరాల' తీసేసి స్టూడియో పెట్టిన సంవత్సరం వేయండి. అది ఎక్కువ పనిచేస్తుంది. 'ఆల్బమ్ రెండు నెలల్లో' అన్నది మీరు నిలబెట్టుకోగలిగితేనే ఉంచండి. 'ఫోటోలు ఎంచి ఇచ్చిన రెండు నెలల్లో' అని రాస్తే ఇంకా మంచిది, ఎంచడానికే ఆరు నెలలు తీసుకునే ఇళ్లు ఉంటాయి.

పెళ్లికూతురి అక్క

:) మా ఇల్లే అది.

పాత డార్క్‌రూమ్

ఫోన్ వద్దు. నీ కెమెరాకి బాగా దగ్గర నుంచి తీసే మాక్రో లెన్సు పెట్టు, లేకపోతే అద్దెకి తీసుకో. కింద తెల్లటి ఎల్ఈడీ ప్యానెల్, దాని మీద పాల రంగు యాక్రిలిక్ షీటు, ఆ పైన నెగెటివ్. ప్యానెల్‌కి నెగెటివ్ ఆనకుండా కాస్త ఎత్తులో ఉంచు, లేకపోతే దాని చుక్కలు కూడా పడతాయి. గదిలో మిగతా లైట్లు ఆపెయ్యి. రా ఫైల్‌లో (కెమెరా కుదించని ఫైల్) తీసి తర్వాత ఎడిటింగ్‌లో నెగెటివ్‌ని పాజిటివ్‌గా తిరగెయ్యి. కలర్ నెగెటివ్‌కి నారింజ రంగు పొర ఉంటుంది, ఖాళీ అంచు మీద వైట్ బ్యాలెన్స్ పెట్టుకుంటే సగం పని అయిపోతుంది.

కాటన్ చేతితొడుగులు వేసుకో, అంచులే పట్టుకో, గుడ్డతో తుడవకు, బ్లోయర్ వాడు. కవర్లకి అతుక్కున్నవాటిని లాగొద్దు. వాటిని అలాగే పక్కన పెట్టి నాన్నగారిని అడుగు, నీళ్లలో ఎలా నానబెట్టి విడదీయాలో ఆయనకి తెలుసు. మొదట బ్లాక్ అండ్ వైట్‌వి తియ్యి, తేలిక.